పెనుకొండ దాకా నాది కాని సీసా

ఫిబ్రవరి 7, శనివారం. దోసెపిండి రుబ్బడం, బట్టలు ఉతికి ఆరేయడం, మా ఆయనకు క్యారియరు కట్టడం. మూడు పనులూ ఏడింటికల్లా ముగిశాయి. నాలుగోది ధర్మవరం ప్రయాణం. బెంగళూరులో ఉద్యోగం చేసే మా చెల్లెలి కూతురు కిందటేడు ఫ్రాన్సులో ఒక ద్రాక్షతోట చూసి, అక్కడి ఎర్ర వైను ఒక సీసా తెచ్చుకుంది. పెళ్ళిచీర సరిగ్గా ఆ రంగులోనే కావాలని పట్టుబట్టింది. ఫొటో పంపితే ధర్మవరంలో పట్టుకు రంగులద్దే ఆయన ఒప్పుకోలేదు. "ఫోన్లో రంగు నమ్మలేమమ్మా, వస్తువే తీసుకురాండి" అన్నాడు. అలా మిగిలిన సగం సీసా నా చేతికొచ్చింది.

హిందూపురంలో ఏడున్నరకు ప్రైవేటు బస్సెక్కాను. ధర్మవరానికి టికెట్టు నూట పది రూపాయలు, రెండున్నర గంటలు. సోమందేపల్లి దాటాక డ్రైవరు గట్టిగా బ్రేకు వేశాడు. నా కాళ్ళ దగ్గరి సంచిలోంచి సీసా జారి, దొర్లుకుంటూ పోయి ముందుసీటు పెద్దాయన కాళ్ళ దగ్గర ఆగింది. ఆయన, ఆయన భార్య, వాళ్ళ ఊరివాళ్ళు పదిమంది ధర్మవరంలో పెండ్లికి పోతున్నారు.

కండక్టరు సీసా ఎత్తి చూశాడు. "ఏం పెద్దాయనా, కర్ణాటక సరుకా? చెకింగోళ్ళు చూస్తే బస్సు నిలబెడతారు. పెనుకొండలో దిగు."

"నాది కాదప్పా."

"మామా, ఫారిన్ సరుకు ఎప్పుడు మొదలుపెడితివి?" అన్నాడు వెనక ఒకతను. బస్సంతా నవ్వింది. పెద్దాయన భార్య నవ్వలేదు. "తాగుడు మాని మూడేండ్లాయనని అందరికీ చెప్పుకుంటి. నా తమ్ముని ఇంటి పెండ్లికే తెచ్చుకోవాల్నా?"

మా వీధివాళ్ళు ఇద్దరు ఆ బస్సులో ఉన్నారు. నేను కిటికీలోంచి పెనుకొండ కొండ చూస్తూ కూర్చున్నాను.

పెనుకొండలో పెద్దాయన చేతిలో సీసా పెట్టి భార్యాభర్తలిద్దరినీ దించేశారు. నేనూ దిగాను. ఇక్కడ నిజం రాయాలి. ఆయన కోసం దిగలేదు, సీసా కోసం దిగాను. ఆమె దాన్ని రాతికేసి కొట్టబోతుంటే "పగలగొట్టొద్దమ్మా, అది నాది" అని అరిచాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "నీదా? మరి బస్సులో నోరెందుకు తెరవల్యా?"

పెద్దాయన కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "ఈడ చెప్తే ఏం లాభమమ్మా? ఆడ పెండ్లిలో ఇప్పటికే ఇదే మాట చెప్పుకుంటాంటారు. నేను రాను, ఇంటికి పోతా."

"నేనొచ్చి చెప్తాను, పదండి" అన్నాను.

తర్వాతి బస్సులో ముగ్గురం ధర్మవరం చేరేసరికి పదకొండు దాటింది. భోజనాల బంతి ముందు సీసా పట్టుకొని నిలబడ్డాను. "ఇది నాది. ఈయన కాళ్ళ దగ్గరికి దొర్లింది. పరువుకు భయపడి నోరు మూసుకున్నాను."

బస్సులో మామా అన్న మనిషే అడిగాడు. "అయితే మందు నువ్వు తాగుతావామ్మా?" అందరూ నవ్వారు.

"నవ్వద్దండప్పా, ఇంతమందిలో చెప్పింది గదా" అన్నాడు పెద్దాయన. ఆయన భార్య నా ముందు ఆకు వేసింది. "కూర్చో. తిని పో."

ఒంటిగంటకు అద్దకం ఆయన దగ్గరికి వెళ్ళాను. వైను గాజుగ్లాసులో పోసి ఎండలో పెట్టి చూశాడు. "ఇది ఒక్క రంగు కాదమ్మా" అన్నాడు. నిజమే, సీసా మీద మూడు ద్రాక్షల పేర్లున్నాయి: కాబర్నే సావిన్యోన్, మెర్లో, కాబర్నే ఫ్రాన్. ఆ తోటలో దేని రసం దాన్ని విడిగా పులియబెట్టి, తర్వాత కలుపుతారని మా చెల్లెలి కూతురు చెప్పింది. ఆయన తలూపాడు. "మాదీ అంతే. పడుగు దారం ఎరుపు, పేక దారం నల్లవంకాయ. ముందే కలిపి అద్దితే బురదైతాది. మగ్గం మీదనే కలవాల."

ఇరవయ్యారేళ్ళుగా ఇంటి లెక్కలో పైసా తేడా రానివ్వలేదని నాకు గర్వం. ఆ గర్వం ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంది. కండక్టరు వాళ్ళను దించేసి సీసాను తన దగ్గరే పెట్టుకొని ఉంటే నేను ధర్మవరం దాకా కొండలే చూసేదాన్ని. మీలో ఎవరైనా రంగు చూపించి చీర నేయించుకోవాలంటే మధ్యాహ్నం మూడింటిలోపు వెళ్ళండి, ఎండలోనే రంగు తేలుతుంది.

తిరుగు ప్రయాణానికి నాలుగున్నరకు అదే బస్సు దొరికింది. కండక్టరుకూ చెప్పాను. "పొద్దున చెప్పింటే నిన్నే దించుంటి గదక్కా" అన్నాడు. ఇంటికొచ్చి లెక్కల పుస్తకంలో రాసుకున్నాను: పెద్దాయనకు నేను బాకీ పడ్డ మాట, ఈరోజుతో చెల్లు.