పదకొండు నిమిషాల జర్మన్ పాట

తబితకు నలభై రెండేళ్లు. అందులో ఇరవై రెండేళ్లు ఫిల్మ్‌నగర్ రిహార్సల్ హాళ్లలో ఒకటి నుంచి ఎనిమిది దాకా లెక్కపెట్టడంతోనే గడిచిపోయాయి. ఆమె డాన్స్ మాస్టర్ రఘునందన్ దగ్గర అసిస్టెంటు. ఆయన కుర్చీలో కూర్చుని చెయ్యి ఊపితే, ఆ ఊపుని పన్నెండు మంది కాళ్లలోకి ఎక్కించే పని ఈమెది. మధురానగర్ చర్చిలో కీర్తన పాడుతున్నా కాలి బొటనవేలు లెక్క వేస్తూనే ఉంటుంది. ఆరు వందల పాటలకు పనిచేసింది గానీ, మొదటి నుంచి చివరిదాకా ఒక్కటంటే ఒక్క పాట ఆడలేదు. నవ్వకండి, సినిమా పాట ఎవరూ అలా ఆడరు. నాలుగు ఎనిమిదులు ఆడగానే కట్ అంటారు, లైట్లు జరుపుతారు, చెమట తుడుచుకుని మళ్ళీ నాలుగు ఎనిమిదులు.

ఆ మంగళవారం పొద్దున మాస్టర్ ఫోన్ చేశాడు. చిన్న సినిమా, విహారి అని కొత్త డైరెక్టరు, తనకేమో డేట్లు కుదరడం లేదు. "నాలుగింటికల్లా నువ్వే ఏదో ఒకటి చేసి చూపించు. అతనికి నచ్చితే పాట నీది, తెరమీద పేరూ నీదే. నచ్చకపోతే ఎలాగోలా నేనే చూసుకుంటాను" అన్నాడు. ఇరవై రెండేళ్లుగా ఎదురుచూస్తున్న మాటని అంత తాపీగా చెప్పే మనిషిని ఏమనాలి!

విహారి వాట్సాప్‌లో పాటలు పంపి, వెనకాలే వాయిస్ మెసేజ్ పెట్టాడు. "అక్కా, మన ట్యూన్ ఇంకా రాలే. గివి యాభై ఏండ్ల కింద జర్మనీ బ్యాండ్లు కొట్టిన పాటలు, పద్నాలుగు ఒక్కకాడ జేసిండ్రు. నాకు గీ ఫీల్ కావాలె. జర మనసు పెట్టి ఇనున్రి."

బస్సెక్కి ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది. మొదటి పాటలో ఎవరో వేణువు ఊదుతున్నారు, ఎవరో గొణుగుతున్నారు. పల్లవి ఎప్పుడొస్తుందా అని చూస్తుంటే పాటే అయిపోయింది. రెండోదాంట్లో గాలి హోరు, గంటలు, గిటార్ల గోల. దేవా, వచ్చిన ఒక్క అవకాశమూ ఇలాంటిదా అని నీరుగారిపోయింది.

మూడోది మొదలైంది. డ్రమ్ములు ఒకే నడకలో దడదడా బయలుదేరాయి. మార్పు ఎక్కడొస్తుందో పట్టుకుందామని తబిత లెక్క వేసుకుంటూ కాచుక్కూర్చుంది. గిటారు వచ్చి చేరింది, దానిమీద ఇంకేదో మెరిసి వెళ్లిపోయింది, డ్రమ్ములది మాత్రం అదే నడక. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు ట్రాఫిక్‌లో బస్సు ఆగినా అది ఆగలేదు. ఎనిమిదులు తొంభై దాటాక ఎక్కడుందో మర్చిపోయింది. జీవితంలో మొదటిసారి లెక్క తప్పింది! ఒళ్లు జల్లుమంది. తేరుకునేసరికి దిగాల్సిన స్టాపు దాటిపోయింది. రెండు స్టాపుల దూరం ఎండలో వెనక్కి నడుస్తూ, తనలో తను నవ్వుకుంటూ, అదే పాట మళ్ళీ పెట్టుకుంది.

అయితే అలవాటు ఎక్కడికి పోతుంది? హాలుకి రాగానే ఆ పాటనీ ముక్కలు చేసింది. పన్నెండు మంది డాన్సర్లూ చక్కగా నేర్చుకున్నారు, చక్కగా ఆడారు. మూడు గంటలైంది. తబిత ముఖం మాడిపోయింది.

"బాగానే ఉంది కదక్కా?" అంది ముందు వరసలో ఆడే వర్ణిక.

"బాగానే ఉందే. కానీ బస్సులో నాకు పుట్టిన పిచ్చి ఇందులో ఏదీ?" అని, చప్పున లేచింది. "లెక్క వద్దు. కట్ లేదు. పాట ఆగేదాకా ఆడదాం."

"మొత్తమా? పదకొండు నిమిషాలక్కా!" వర్ణిక నోరు వెళ్లబెట్టింది.

మొదటి రెండు నిమిషాలు అందరూ కట్ వినపడుతుందేమోనని ఆమె వైపే చూశారు. నాలుగో నిమిషానికి ఒకరినొకరు చూసుకోవడం మొదలుపెట్టారు. ఆరో నిమిషంలో వరసలు చెదిరిపోయాయి, ఎవరో కేక వేశారు, తబిత కూడా మధ్యలోకి దూకేసింది. వర్ణిక నవ్వుతోందో ఏడుస్తోందో తెలియడం లేదు. తబిత ఆనందానికి పట్టపగ్గాలు లేవు.

పాట ఆగాక చూస్తే గుమ్మంలో విహారి.

"నడుమ నలభై సెకన్లు మస్తుగున్నయ్ అక్కా! గవి పెట్టుకుందాం. మిగతాది బిట్లు బిట్లు తీద్దాం."

తల ఊపితే చాలు, పేరు పడిపోతుంది. తబిత అడ్డంగా తల ఊపింది.

"లేదు బాబూ. మీ పాట నాలుగు నిమిషాలైతే నాలుగు నిమిషాలూ ఒకటే షాటు. అలా వద్దంటే రఘునందన్ గారినే పిలిపించుకోండి."

"మూడో నిమిషంల ఎవరన్న తప్పితే?"

"మళ్ళీ మొదటి నుంచి."

ఎవరూ చెప్పకుండానే డాన్సర్లు ఒక్కొక్కరే వెళ్లి మొదటి చోట్లలో నిలబడ్డారు. విహారి వాళ్లని చూశాడు, జేబులోంచి ఫోన్ తీసి ప్రొడక్షన్ మేనేజరుని పిలిచాడు. "అన్నా, రాసుకో. పాట మొత్తం ఒకటే షాట్." ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టి తబిత వైపు తిరిగాడు. "అక్కా, టైటిల్స్‌ల ఏయాలె. మీ ఇంటిపేరేంది?"

ఇరవై రెండేళ్లలో ఫిల్మ్‌నగర్‌లో ఎవరికీ ఆమె ఇంటిపేరుతో పనిపడలేదు.

"కలపాల" అంది తబిత. అతనికి వినపడిందని తెలిసి కూడా, ఆగలేక, హాలంతా మోగేట్టు మళ్ళీ చెప్పింది. "కలపాల తబిత!"