పదకొండున్నరకు ఆగిపోయే కంప్యూటర్

నేను జహీరాబాద్‌లోని ఒక డిగ్రీ కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లో అసిస్టెంట్‌గా చేరి అప్పటికి నాలుగేళ్ళు. ముసలివైపోయి విండోస్‌ను మోయలేకపోతున్న కంప్యూటర్లలో లినక్స్ అనే తేలికపాటి ఉచిత సిస్టమ్ వేసి నడిపించడం నా పనుల్లో ఒకటి. అది నాకు ఎవరూ నేర్పలేదు. తెర మీద ఏ తప్పు చూపిస్తే దాన్ని ఉన్నదున్నట్టు నెట్‌లో కొట్టి, అంతకుముందు అదే అవస్థ పడ్డవాళ్ళు ఏం రాశారో చదివి, ఒక్కొక్కటే చేసి చూస్తూ నేర్చుకున్నాను. ప్రింటర్ పలకకపోయినా, డిస్కు నిండిపోయినా నాకు కంగారు ఉండేది కాదు. ఎందుకలా అయిందో తేలేదాకా అన్నం మాత్రం సహించేది కాదు. మా నాన్న కోస్తా నుంచి ఇక్కడి ట్రాక్టర్ల ఫ్యాక్టరీకి ఉద్యోగానికొచ్చి స్థిరపడిన మనిషి. "ఇంజను విప్పి చూసేదాకా నిద్రపట్టని జబ్బు నీకూ అంటుకుంది" అనేవాడు.

ఆ ఏడాది శివరాత్రి వెళ్ళాక మా తెలుగు మేడమ్ ఒక పని మొదలుపెట్టింది. చుట్టుపక్కల రైతులు పంటలకు, నేలలకు, పనిముట్లకు వాడే మాటలను వాళ్ళ గొంతుతోనే రికార్డు చేసి పెట్టాలని. సోమవారం, గురువారం న్యాల్‌కల్, ఝరాసంగం వైపు ఊళ్ళ నుంచి ఐదారుగురు పెద్దవాళ్ళు షేర్ ఆటోల్లో వచ్చేవారు. లైబ్రరీ వెనక ఒక చిన్న గది ఇచ్చారు. ఒక కిటికీ, ఒక ఫ్యాను, ఒక గోడ గడియారం, ఒక పాత కంప్యూటర్, దానికో మైకు. ఆ గదిదాకా నెట్ తీగ లేదు. రికార్డింగ్‌కు నెట్‌తో పనేముందిలే అనుకున్నాను.

వచ్చేవాళ్ళలో అందరికంటే పెద్దది ఒక అవ్వ. డెబ్బై దాటి ఉంటాయి. పుట్టిల్లు కర్ణాటక సరిహద్దుకు అవతల, అత్తగారి ఊరు ఝరాసంగం దగ్గర. ఆమె ఎక్కే ఆటో నిండితే గాని కదలదు కాబట్టి అందరికంటే ఆలస్యంగా వచ్చేది, అందుకే ఆమె వంతు ఎప్పుడూ చివరికి పడేది. విత్తకుండానే చేలలో మొలిచే ఆకుకూరల గురించి ఆమెకు తెలిసినంత ఎవరికీ తెలియదని మేడమ్ ముందే చెప్పింది.

మొదటిరోజు అవ్వ మైకు ముందు కూర్చుని గొంతు సవరించుకుంది. "ఇత్తకుండనే వచ్చే కూరలు శానా ఉన్నయి బిడ్డా. మొదాలు దొగ్గలి కూర సంగతి చెప్త" అని మొదలుపెట్టింది. పది నిమిషాలైనా కాలేదు. తెర నల్లగా అయిపోయింది. కంప్యూటర్ ఆగిపోయింది. అప్పటిదాకా చెప్పిందంతా పోయింది.

"కరెంటు పోయిందా?" అంది మేడమ్. నేను తలెత్తి చూశాను. ఫ్యాను తిరుగుతూనే ఉంది.

గురువారం మళ్ళీ అదే జరిగింది. అందరి మాటలూ చక్కగా రికార్డయ్యాయి. అవ్వ గంగవాయిలి కూర దగ్గరికి వచ్చేసరికి కంప్యూటర్ మూసుకుపోయింది. న్యాల్‌కల్ వైపు అల్లం పండించే ఒక పెద్దాయన ఉండేవాడు, మాటకారి. ఆయన నవ్వుతూ అన్నాడు: "మేం మాట్లాడితే మంచిగనే నడుస్తది. నువ్వు నోరు తెరిస్తెనే బందైతది. ఏం మంత్రమేసినవ్?"

అందరూ నవ్వారు. అవ్వ నవ్వలేదు. కొంగు సర్దుకుని లేచి వెళ్ళి వరండాలో కూర్చుంది.

ఆ సాయంత్రం నేను ఆ కంప్యూటర్ మీద పడ్డాను. యూపీఎస్ మార్చాను. పవర్ తీగ మార్చాను. పక్క మూత తెరిచి దుమ్ము ఊదాను. ర్యామ్ కార్డు తీసి దాని కొసలను పిల్లలు వాడే రబ్బరుతో రుద్ది మళ్ళీ పెట్టాను. చివరికి లోపలి పవర్ డబ్బా కూడా ల్యాబ్‌లోని వేరే కంప్యూటర్ నుంచి తెచ్చి బిగించాను. అన్నీ ఒక్క పూటలోనే. ఏది మారిస్తే ఏమైందో తెలుసుకోవాలంటే ఒకసారికి ఒకటే మార్చాలని నాకు తెలుసు. కానీ ఆ నవ్వులు చెవుల్లో ఉన్నాయి. మరుసటి రోజు మధ్యాహ్నమంతా ఆన్ చేసి ఉంచాను. నాలుగు గంటలు నదురూ బెదురూ లేకుండా నడిచింది. జబ్బు వదిలిందనుకున్నాను.

లాగ్ కూడా చూశాను. కంప్యూటర్ తాను చేసే ప్రతి పనినీ గంటా నిమిషంతో సహా రాసిపెట్టుకునే ఫైలు అది. ఆగిపోవడానికి ముందు చివరి వరుస సాయంత్రం ఐదు గంటలకు పద్ధతిగా మూసుకున్నట్టు చెప్పింది. అది అంతకుముందెప్పుడో సాయంత్రం మూసినప్పటిదిలే అనుకుని ఊరుకున్నాను. పక్కనే తేదీ ఉంది. దాన్ని చదవలేదు. ఆ సంగతి రాస్తుంటే ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

సోమవారం అవ్వ మూడోసారి కూర్చుంది. ఆమె మాట్లాడుతోంది, నేను తెరనే చూస్తున్నాను. కాసేపటికి తెర నల్లబడింది.

అందరూ చాయ్ తాగడానికి క్యాంటీన్‌కు వెళ్ళారు. మేడమ్‌కు క్లాసు ఉండి వెళ్ళిపోయింది. అవ్వ మాత్రం కుర్చీలోంచి లేవలేదు.

"నేనింక రాను బిడ్డా. నా నోట్లనే ఏదో ఉన్నట్టుంది" అంది.

"గట్లనకు అవ్వా. దానికేదో అయింది, నీకేం కాలే" అన్నాను. ఆమెతో మాట్లాడేటప్పుడు నా భాష కూడా అటే పోయేది.

"ఏమైందో చెప్పు మరి."

తెలియదని ఒప్పుకున్నాను. కరెంటు అనుకున్నానని, వేడి అనుకున్నానని, ఏమేం మార్చానో అన్నీ వరసగా చెప్పాను. ఆమె ఓపికగా విన్నది. తర్వాత అడిగింది:

"కరెంటు పోతె ఇది ఎట్ల బందైతది?"

"టక్కున. ఒక్కసారే."

"మరి ఇది గట్ల కాలేదు గద. నేను ఎదురుంగనే కూసున్న, చూసిన. ముందుగాల బొమ్మ పోయింది. దానెనుక ఒక గుర్తు గిర్రున తిరిగింది. అటెనుక చీకటైంది. లోపటి సప్పుడు గప్పుడు ఆగింది. పడిపోయినట్టు లేదు బిడ్డా. ఎవరో పండుకోమంటె పండుకున్నట్టుంది."

మూడుసార్లూ నేను మైకు తీగను, మీటలను, ఫ్యానును చూశాను గాని ఆగిపోయే తీరును చూడలేదు. కరెంటు లోపమైతే కంప్యూటర్‌కు గుర్తు తిప్పేంత తీరిక ఉండదు. అది తనంతట తానే, ఎవరో ఆజ్ఞ ఇస్తేనే, సర్దుకుని మూసుకుంటోంది. నేను విప్పిన డబ్బాలకూ దీనికీ సంబంధమే లేదు.

"ఇంకోటి" అంది అవ్వ. నేల వైపు చెయ్యి చాపింది. కిటికీ చువ్వల నీడ షాబాద్ బండ మీద పడుతోంది. "మూడు తడవలు గూడ ఎండ గీ బండ అంచుకొచ్చినంకనే ఆగింది. నేను కొత్త జాగకు పోతె ఎండనే చూస్త, ఆటో దొరకదని."

గోడ గడియారం వైపు చూశాను. పదకొండు నలభై. అంటే ఆగింది దాదాపు పదకొండున్నరకు. మూడు రోజులూ అదే వేళకు. ఆ వేళకు మైకు ముందు ఉండేది అవ్వే. మిగతా రోజుల్లో ఆ గదిని పొద్దున పూట ఎవరూ తెరవరు. నేను పరీక్ష చేసిందంతా మధ్యాహ్నాలూ సాయంత్రాలూ.

వెంటనే కంప్యూటర్ ఆన్ చేశాను. అవ్వ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. లాగ్ తెరిచి ఈసారి మొదటి అక్షరం నుంచి చదివాను. చివరిసారి మూసుకున్నది సాయంత్రం ఐదింటికి అనే ఉంది. తేదీ మాత్రం ఆ రోజుదే. ఇంకా సాయంత్రం కానే లేదు!

అవ్వ చూపిన ఎండ ప్రకారం పదకొండున్నర. కంప్యూటర్ రాసుకున్నది ఐదు. తేడా ఐదున్నర గంటలు. ఆ ఐదున్నర గంటల తేడా నాకు కొత్త కాదు.

కంప్యూటర్ లోపల ఒక చిన్న గడియారం ఉంటుంది. ఆఫ్ చేసినా అది నడుస్తూనే ఉంటుంది. విండోస్ అందులో మన ఊరి సమయాన్నే పెడుతుంది. లినక్స్ మాత్రం అందులో ఉన్నది లండన్ దగ్గరి ప్రామాణిక సమయమని నమ్మి, దానికి ఐదున్నర గంటలు కలిపి మన సమయం లెక్కగడుతుంది. కొన్ని వారాల ముందు ఆఫీసు వాళ్ళు సర్టిఫికెట్లు స్కాన్ చేసుకోవడానికి ఆ కంప్యూటర్‌లోనే ఒక పక్కన పాతకాలపు విండోస్ కూడా వేయించుకున్నారు. అది గడియారంలో మన సమయం పెట్టింది. లినక్స్ దానికి ఇంకో ఐదున్నర కలుపుకుంది. నెట్ ఉంటే తనే సరిదిద్దుకునేది. ఆ గదిలో నెట్ లేదు. మాట్లాడుతుంటే తెర మీద కదిలే గొంతు గీతలు పెద్దవాళ్ళకు పెద్దగా కనిపించాలని తెర కింద గడియారం ఉండే పట్టీని నేనే దాచేశాను. అందుకే తప్పు సమయం ఎవరి కంటా పడలేదు.

సరే, ఐదింటికి మూసుకోమని దానికి ఎవరు చెప్పారు? వేళకు చేయాల్సిన పనుల జాబితా ఒకటి లినక్స్‌లో ఉంటుంది. తెరిచాను. ఒకే ఒక్క వరుస. రోజూ సాయంత్రం ఐదింటికి కంప్యూటర్ ఆపేయమని. కిందటేడు ఆ కంప్యూటర్ ల్యాబ్‌లో ఉన్నప్పుడు, పిల్లలు ఆపకుండా వెళ్ళిపోతున్నారని దాన్ని నేనే రాశాను. రాసి మరిచిపోయాను.

"దొరికిందా?" అంది అవ్వ నా మొహం చూసి.

"దొరికింది అవ్వా. తప్పు నాదే" అని చెప్పాను. ఐదైతే పండుకోమని నేనే చెప్పానని, దానికి పొద్దున పదకొండున్నరకే ఐదైనట్టు తోచిందని వివరించాను. లండన్ సంగతి ఎక్కడ ఆమెకు విసుగనిపిస్తుందోనని వదిలేశాను. వదలనివ్వలేదు, పదకొండున్నరకే ఐదెట్లైతదని అడిగి అదీ చెప్పించుకుంది.

"ఇక్కడున్న మిషన్‌కు దేశంగాని దేశం టైమెందుకు?" అని నిలదీసింది. ఒక్కో దేశంలో పొద్దు ఒక్కో వేళకు పొడుస్తుంది కాబట్టి అందరికీ కలిపి ఒక లెక్క పెట్టుకున్నారని చెప్పాను. ఆ ఉపాయం నచ్చినట్టు, "మంచిగనే ఉంది ఇకమతు" అంది. వెంటనే, "మళ్ల జెయ్యి, చూస్త" అంది.

నాకూ అదే కోరిక. లోపం ఇదేనని నమ్మాలంటే మళ్ళీ తెప్పించి చూడాలి. కంప్యూటర్ గడియారాన్ని ఐదుకు రెండు నిమిషాలు తక్కువగా తిప్పబోయాను. అవ్వ చెయ్యి అడ్డం పెట్టి ఆపింది.

"జర ఆగు. అందర్ని పిలుస్త."

క్యాంటీన్ నుంచి నలుగురూ వచ్చారు. అల్లం పెద్దాయన చేతిలో ఇంకా చాయ్ గ్లాసు ఉంది. అవ్వ మైకు ముందు కూర్చుని కొంగుతో నోరు గట్టిగా మూసుకుంది. నేను గడియారం తిప్పాను. కంప్యూటర్ లోపలి ఫ్యాను చప్పుడు ఒక్కటే. రెండు నిమిషాలు అంత పొడుగ్గా ఉంటాయని నాకు అప్పుడే తెలిసింది. బొమ్మ పోయింది. గుర్తు గిర్రున తిరిగింది. తెర చీకటైంది.

అవ్వ కొంగు తీసి అల్లం పెద్దాయన వైపు తిరిగింది. "నేను నోరు తెరిచిన్నా? చెప్పు, తెరిచిన్నా?"

ఆయన గ్లాసు పక్కన పెట్టి రెండు చేతులూ జోడించాడు. "లేదు తల్లీ. తెరువలే. నేనే ఊకె ఒర్రిన."

"మాటలు రికార్డు జేస్తున్నరు గద, గా మాట గూడ జెయ్యుమను" అంది అవ్వ. అప్పుడు నవ్విన నవ్వుల్లో ఆమె నవ్వే పెద్దది.

ఆ మధ్యాహ్నమే లోపలి గడియారంలో ఉన్నది మన సమయమేనని లినక్స్‌కు ఒక్క ఆజ్ఞతో చెప్పాను. నేను రాసిన వరుసను తీసేశాను. రికార్డింగ్ ఐదు నిమిషాలకోసారి తనంతట తానే భద్రమయ్యేలా ఏర్పాటు చేశాను. మేడమ్‌కు జరిగింది జరిగినట్టు చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆమె మాత్రం "పండుకోమంటే పండుకున్నట్టు" అన్న మాట దగ్గర ఆగి, దాన్ని తన నోటుపుస్తకంలో రాసుకుంది.

గురువారం పదకొండుంపావుకు అవ్వ కూర్చుంది. దొగ్గలి కూర మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. ఏ నేలలో ఏది ముందు మొలుస్తుందో, వాన తప్పిన ఏడు ఏ కూర ఎక్కువ వస్తుందో చెప్పుకుంటూ పోయింది. గంగవాయిలిని పుట్టింట్లో గోణి సొప్పు అంటారంది. పదకొండున్నర దాటింది. నేను గడియారం చూస్తున్నాను, గుమ్మంలో నిలబడ్డ అల్లం పెద్దాయన కూడా చూస్తున్నాడు. ఆమె చూడలేదు. పన్నెండున్నరకు గాని మాట ఆపలేదు.

ఆపాక నీళ్ళు తాగి, "ఇప్పుడు అండ్ల నా మాటలన్ని ఉన్నయా?" అని అడిగింది. హెడ్‌ఫోన్ ఆమె తలకు పెట్టి మొదటి నుంచి వినిపించాను. కళ్ళు మూసుకుని విన్నది. మధ్యలో ఒకచోట కళ్ళు తెరిచి, "ఆగు ఆగు, గీడ తప్పు చెప్పిన. గది నల్లరేగట్ల రాదు, ఎర్ర నేలలనే వస్తది. మళ్ల పెట్టు, సక్కగ జేస్త" అంది.

నేను మైకు మళ్ళీ ఆన్ చేశాను.