నా తల మీదుగా వెళ్లిన టీ

అందుకోవడమే తప్ప అందించడం తెలియనివాళ్లంటే నాకు మొదటినుంచీ అసహ్యం.

కావలి దాటాక ఆ ప్యాసింజర్ రైల్లో కాలు మోపే చోటు లేదు. టీ అమ్మేవాడు తలుపు దగ్గరే ఆగిపోయి, కప్పులు చేతుల మీదుగా పంపిస్తున్నాడు. నలుగురు అందిస్తే నాదీ వచ్చింది.

పక్కన గాజుల పెట్టెతో కూర్చున్న బురఖా ఆమె, "ఏం పని చేస్తుండావు నాయనా?" అంది. ఈమెకేం అర్థమవుతుందిలే అనుకుంటూనే చెప్పాను.

"మా నెట్‌వర్క్‌లో ఒకరి కంప్యూటర్ నుంచి ఒకరికి ఫైళ్లు అందాలమ్మా. కొందరు వెధవలు తమ ఫైలు దిగగానే కంప్యూటర్ మూసుకుని కూర్చుంటారు. వాళ్ల వల్లే అందరికీ ఆలస్యం. అలాంటివాళ్లను వదిలేసి పక్కదారిన పంపేలా ప్రోగ్రాం రాస్తున్నాను."

ఇంతలో నాకు అవతల కిటికీ దగ్గర కూర్చున్నాయన టీ ఆమె చేతికొచ్చింది. నాకు అందించబోయింది. ఒళ్లోని లాప్‌టాప్ మీంచి తల ఎత్తకుండానే, "కాస్త ఆగమ్మా" అన్నాను.

"నీది నీకొచ్చేసింది గదా, ఇంక చేతులు పడిపోయినాయా?"

నేను చెయ్యి చాపేలోపే ఆమె లేచి, నా తల మీదుగా కప్పు ఆయనకు అందించింది.

నెల్లూరు దాకా మా వైపు టీలన్నీ అలాగే వెళ్లాయి. ఒక్కటీ ఆలస్యం కాలేదు.