మొలకెత్తిన మునసబు గారు

మునసబు గారి చెవుల్లోంచి వరి మొలకలు రావడం మీరెవరైనా చూశారా? నేను చూశాను. నా చేతులతో నేనే మొలిపించాను కూడా. అవనిగడ్డ వెళ్ళి నేను చేసుకొచ్చిన నిర్వాకం అది. ఎలాగూ రేపో ఎల్లుండో ఎవరో ఒకరు మీకు చెప్తారు. ఇంకొకళ్ళు చెప్తే ఉన్నదానికి నాలుగు కలుపుతారు. ఆ కలిపేదేదో నేనే కలుపుకుంటాను, కూర్చోండి.

మా చిన్ని నా చెల్లెలు సుభద్ర కూతురు. పురిటి తర్వాత సుభద్ర మంచం పడితే, నెలల పిల్లను మా ఇంటికి తెచ్చుకున్నాను. మాకు పిల్లలు లేరు. పరుగులు పెట్టేదాకా, మాటలొచ్చి నాకే ఎదురు చెప్పేదాకా నా దగ్గరే పెరిగింది. సుభద్రకు ఒళ్ళు కుదుటపడ్డాక నిరుడు వచ్చి అవనిగడ్డ తీసుకెళ్ళారు. తీసుకెళ్ళక ఏం చేస్తారు, వాళ్ళ పిల్ల. నేనే జడ వేసి, కాటుక పెట్టి, పడవ ఎక్కించాను. ఆ తర్వాత మా ఇంట్లో చేటలు చేటల్లాగే ఉండిపోయాయి. అంతకు ముందు అవి పడవలు. రోకలి గుర్రం. మా ఆయన వీపు ఏనుగు అంబారీ.

అలా ఉండగా శాస్త్రి గారు దివిసీమలో ఎవరిదో పెళ్ళి చేయించి వచ్చారు. ఆయన ఎవరి చావు కబురు చెప్పినా శుభలేఖ చదివినట్టే ఉంటుంది. అరుగు మీద కూర్చుని, మజ్జిగ తాగి, మీ చిన్నిని చూశానమ్మా, బ్రహ్మాండంగా ఉంది, హాయిగా ఆడుకుంటోంది, ఎవరినీ అడగడం లేదు అన్నారు. అని, ఇంకో గ్లాసు మజ్జిగ అడిగారు. ఇచ్చాను. ఉప్పు వేయడం మరిచిపోయాను.

ఎవరినీ అడగడం లేదట. మంచిదే. అడుగుతూ ఏడుస్తుంటే బాగుంటుందా? ఈ మాట నాకు నేనే పగలంతా చెప్పుకున్నాను. సాయంత్రానికి అర్థమైంది, అది మంచిది కాదని. ఆ పిల్ల నన్ను మరిచిపోయిందో లేదో నా కళ్ళతో చూసుకోవాలి. ఊరికే వెళ్తే ఏం బాగుంటుంది? ఏదో ఒకటి పట్టుకెళ్ళాలి.

కొండపల్లి బొమ్మలు కొనుక్కోవచ్చు. కానీ ఆ ఏనుగులూ అంబారీలూ ఎవరైనా కొనిస్తారు. చిన్నికి మా ఊరు గుర్తు రావాలి. అందుకని ఊరినే గుడ్డబొమ్మలుగా కుట్టడం మొదలుపెట్టాను. నన్ను నేను కుట్టుకోలేదు. నన్ను మరిచిపోకే అని నా బొమ్మ నేనే పట్టుకెళ్తే నలుగురూ ఏమనుకుంటారు?

పెడనలో అద్దకం పని చేసే వాళ్ళ దగ్గర పాడైన ముక్కలు మూట కట్టించి తెప్పించాను. అన్నీ పూలూ లతలూ నెమళ్ళే. దాంతో మునసబు గారికి కూడా పూల పంచె తప్పలేదు. మీసాలకు కొబ్బరి పీచు. పొట్ట మాత్రం నేను పెంచింది కాదు, ఉన్నదే. ఆ తర్వాత పాల వెంకమ్మ, నెత్తి మీద బుల్లి ముంతతో. ఆ తర్వాత శాస్త్రి గారు, నోరు తెరుచుకుని, మజ్జిగ కోసం. చివరికి మా ఆయన. మా ఆయన్ని కుట్టడం తేలిక. నోరు కుట్టక్కర్లేదు.

ఓ రోజు మునసబు గారు ఏదో పని మీద మా ఇంటికి వచ్చి తన బొమ్మ చేతిలోకి తీసుకున్నారు. తిప్పి తిప్పి చూశారు. "ఇదెవడో కానీ అమ్మా, మొహం చూస్తేనే తెలుస్తోంది, వీణ్ణి నమ్మకూడదు," అన్నారు. నేను చిత్తం అన్నాను.

చిక్కంతా లోపల కూరే దాని దగ్గర వచ్చింది. మొదట ఊక కూరాను. ఫ్యాను కింద కూర్చునే బందరు ప్లీడర్ల ఇంట్లో అయితే ఈ బొమ్మలు గోడకు ఎగిరి తగులుకునేవి. మా ఇంట్లో ఫ్యాను లేకపోయినా, వెంకమ్మ నిలబడటం లేదు, మునసబు గారు దగ్గితే పడిపోతున్నారు. అంతటి మనిషి దగ్గుకు పడిపోతే ఊరి పరువేం కాను? బరువు కావాలి. వడ్లు పోస్తే సరి అనుకున్నాను. ముందు గదిలో ఉన్న వడ్లలో తాలు ఎక్కువ. లోపలి గదిలో మా ఆయన విత్తనానికని విడిగా దాచిన బస్తా ఉంది. గట్టి గింజ, రాళ్ళలా ఉన్నాయి. చిన్నికి ఇచ్చే బొమ్మల్లో తాలు పోస్తామా? విత్తనాలే పోశాను. మా ఆయన గుమ్మంలో నిలబడి చూశారు. విత్తనాలండీ, కాసిని తీసుకున్నాను అన్నాను. "ఊఁ," అన్నారు. ఆ "ఊఁ"లో ఇంత ఉందని ఇప్పుడు తెలుస్తోంది కానీ, అప్పుడు నాకు మామూలు "ఊఁ" లాగే వినిపించింది.

ఆషాఢం ముసురు. మా ఊరి కాలువలో బందరు పడవ ఎక్కుతుంటే కాలు జారింది. నేను పడలేదు. నా చేతిలోని బొమ్మల బుట్ట నీళ్ళలో పడింది. పడవ మనిషి గెడకర్రతో లాగి, నీళ్ళు ఓడుతున్న బుట్టను పడవ అడుగున పెట్టాడు. అక్కడ ఎప్పుడూ అరచెయ్యి లోతు నీళ్ళుంటాయి. బందరు చేరేదాకా ఊరి పెద్దలంతా ఆ నీళ్ళలోనే నానారు.

బందరులో మా ఆడపడుచు అన్నపూర్ణ ఇంట్లో దిగాను. మర్నాడే బయల్దేరాలని. కృష్ణ పొంగింది, పులిగడ్డ దగ్గర దాటనివ్వడం లేదన్నారు. నాలుగు రోజులు ఆగాల్సి వచ్చింది. ఎండ లేదు. బొమ్మల్ని బయట ఆరబెడదామా అంటే అన్నపూర్ణ పిల్లలు సామాన్యులు కారు. దేవుడి గదిలో గంట నాలుక ఊడబీకిన వాళ్ళు. అందుకని బొమ్మల్ని, ముసురుకు ఆరని గోనెసంచిలోనే గట్టిగా చుట్టి, వంటింట్లో పొయ్యి పక్కన వెచ్చగా ఉండే మూల పెట్టి, పైన ఎండుగడ్డి కప్పి, పిల్లలు ఎత్తకుండా రుబ్బురోలు పొత్రం తెచ్చి బరువు పెట్టాను. పెట్టి, నా తెలివికి నేనే మురిసిపోయాను.

మీకు నవ్వొస్తోంది కదూ. నవ్వండి. ఏటా నారు పోసే ముందు మన ఇళ్ళలో మండె కట్టడం అంటే ఏమిటి? విత్తనాలు నానబెట్టడం, గోనెలో మూట కట్టడం, వెచ్చని చోట గడ్డి కప్పడం, పైన బరువు పెట్టడం. ఇంతే కదా. కాపురానికొచ్చిన నాటి నుంచీ నా పెరట్లో, నా కళ్ళెదుట జరిగే పని. ఒక్క ముక్క తప్పు లేకుండా చేశాను. మా ఆయన చేసినా ఒక్కోసారి సరిగా మొలవవు.

వరద తీశాక ఆ మూటను అలాగే చంకన పెట్టుకుని బయల్దేరాను. విప్పి చూడలేదు. దారంతా నా ఆలోచన బొమ్మల మీద లేదు. పులిగడ్డ రేవు దాటుతుంటే మాత్రం ఒక్కటే అనుకున్నాను. గుమ్మంలోకి వెళ్ళగానే ఆ పిల్ల దొడ్డమ్మా అని పరిగెత్తుకొస్తే సరి. రాకపోతే ఏం చెయ్యాలో ఆలోచించుకోలేదు.

రాలేదు. స్తంభం వెనక నుంచి సగం మొహం కనిపించింది. పొడుగైంది. జడ వాళ్ళమ్మ వేసే తీరుగా మారింది. రావే, దొడ్డమ్మే, అని సుభద్ర ఎంత పిలిచినా ఆ సగం మొహం కూడా లోపలికి పోయింది. కొత్త కదూ, కాసేపాగితే వస్తుందిలే అని సుభద్ర అత్తగారు నాతో అన్నారు. కొత్తట. నేను.

ఇంకేం చేస్తాను, మూట విప్పాను. ఇంటిల్లిపాదీ చుట్టూ చేరారు. మొదట మునసబు గారు వచ్చారు. రెండు చెవుల్లోంచీ తెల్లటి మొలకలు, ముక్కులోంచి వేళ్ళు. పూల పంచె చిరిగి పొట్టలోంచి పంట బయల్దేరింది. పాల వెంకమ్మకు ఒళ్ళంతా గడ్డం. శాస్త్రి గారి నోట్లోంచి, పాపం ఎప్పుడూ తెరిచే ఉంటుందేమో, గుత్తులు గుత్తులుగా మొలకలు. మా ఆయన ఎక్కడా మొలవలేదనుకున్నాను. తిప్పి చూస్తే వీపంతా మొలిచింది. నాలుగు బొమ్మలూ ఒకదాని వేళ్ళు ఒకటి పట్టుకుని విడదీయరానంతగా అల్లుకుపోయాయి. వాసన సంగతి చెప్పను.

సుభద్ర అత్తగారు కళ్ళజోడు సవరించుకుని, వంగి, చూసి, "బొమ్మలు తెచ్చావా అమ్మాయ్, నారు తెచ్చావా?" అని అడిగారు.

మా మరిది గారు తాలూకా ఆఫీసులో గుమాస్తా. నవ్వితే ఉద్యోగం పోతుందన్నట్టు ఉంటారు. ఆయన కూడా, ఇంకో నాలుగు నెలలాగి వస్తే కోతలయ్యేవి కదండీ వదిన గారూ అని, లోపలికి వెళ్ళి నవ్వుకున్నారు. గోడ అవతలి నుంచి వినిపించింది.

మన ఊళ్ళో నేను ఎందరిని చూసి నవ్వలేదు? ఇప్పుడు నా వంతు. అది పడొచ్చు. కానీ స్తంభం వెనక ఆ సగం మొహం మళ్ళీ కనిపించింది. ఆ మొలకల వంకే చూస్తోంది. నా వంక కాదు. సరే, అదైనా చూస్తోంది కదా అని, మునసబు గారిని వేళ్ళు తెంపి విడదీసి, ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఆయన దగ్గే దగ్గు దగ్గాను. మాటకు ముందొకటి, మాటకు తర్వాతొకటి. వెంకమ్మను తీసి, పాలల్లో చుక్క నీళ్ళు కలిపితే నా కళ్ళు పోతాయమ్మా అని ఆమె గొంతుతో ప్రమాణం చేశాను. శాస్త్రి గారి చేత సంకల్పం చెప్పించి మధ్యలో నిద్రపుచ్చాను.

చిన్ని స్తంభం ఇవతలికి వచ్చింది.

మా ఆయన బొమ్మ తీశాను. "ఊఁ," అన్నాను.

"పెదనాన్న," అంది చిన్ని.

చిన్ని వచ్చి బొమ్మల ముందు గొంతుక్కూర్చుంది. ఒక్కొక్క దాన్నీ పక్కకు జరిపి చూసింది. మూట దులిపి చూసింది. గోనె లోపల చెయ్యి పెట్టి వెతికింది. అప్పుడు నా మొహంలోకి చూసి అడిగింది.

"దొడ్డమ్మ ఏదీ?"

నేనేనే అన్నాను. నువ్వు కాదు, బొమ్మ, అంది. చెయ్యలేదమ్మా అన్నాను. అందరినీ చేసి దొడ్డమ్మని ఎందుకు చెయ్యలేదు అంది. నేను మునసబు గారి మీసం సవరించాను.

చిన్ని లేచి లోపలికి వెళ్ళింది. మసిగుడ్డొకటి తెచ్చుకుంది. అందులో మునసబు గారి పొట్టలోంచి రాలిన గింజలు కాసిని పోసి, ఉండ చేసి, మెడ దగ్గర పీచు కట్టింది. పొయ్యి దగ్గరికెళ్ళి బొగ్గు ముక్క తెచ్చింది. నాలుక బయటపెట్టి, ఎంతో శ్రద్ధగా గీసింది. గీసి అందరికీ చూపించింది.

కళ్ళు లేవు. ముక్కు లేదు. జుట్టు లేదు, బొట్టు లేదు. ఈ చెవి దగ్గర్నుంచి ఆ చెవి దాకా నోరు. ఇంకా చోటు మిగిలితే నోటి కిందే ఇంకో నోరు గీసింది.

సుభద్ర అత్తగారు చూసి, అచ్చం అలాగే ఉన్నావమ్మాయ్ అన్నారు. మా మరిది గారు ఈసారి లోపలికి వెళ్ళకుండానే నవ్వారు. నేనూ నవ్వాను. ఏం చేస్తాను, పోలిక కుదిరింది.

మొలిచిన వాళ్ళను పెరట్లో బావి పక్కన బురదలో నాటారు. మునసబు గారు చేపట్టిన పనుల్లో ఈ ఒక్కటే సవ్యంగా సాగుతుందని నా నమ్మకం. నోటి బొమ్మను మాత్రం నాటనివ్వలేదు చిన్ని. మధ్యాహ్నం అన్నాలయ్యాక దాన్ని తీసుకుని చాప మీద పడుకుంది. దూరంగా కాదు, నాకు చెయ్యి అందేంత దూరంలోనే. కానీ బొమ్మవైపు తిరిగి.

నేను పడుకున్నట్టు పడుకుని చూస్తున్నాను. కళ్ళు మూతపడుతుండగా ఆ పిల్ల చెయ్యి చాపి, అరచెయ్యి బొమ్మ నోటి మీద వేసి మూసింది. మూసి, నిద్రపోయింది.

మా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ అలాగే నిద్రపోయేది. దాన్ని నిద్రపుచ్చడానికి కథ మొదలుపెడితే, అది నిద్రపోయినా నాకు ఆపడం తెలిసేది కాదు. అందుకని నిద్ర ముంచుకొస్తుంటే చెయ్యి చాపి నా నోరు మూసేది. ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. సుభద్రకు కూడా తెలియదు. ఎవరో చెప్పగా నేర్చుకునే పని కాదు.

నేను అక్కడే, ఒత్తిగిలకుండా, అలాగే ఉండిపోయాను. సుభద్ర వచ్చి ఏదో అడిగింది. జవాబు చెప్పలేదు. ఇంకోటి అడిగింది. చెప్పలేదు. పక్కన కూర్చుని, జ్వరమేమోనని నా నుదురు పట్టుకు చూసింది.