ముప్పై తొమ్మిది పేర్లు

"అబద్ధం రాశానని ఎవరైనా అంటే పళ్లు రాలగొడతాను. ముప్పై తొమ్మిది పేర్లు రాశాను. ముప్పై తొమ్మిదీ నిజమే. పార్టీ ఇచ్చిన జాబితాలో నలభై ఉంటే, ఆ ఒక్కటీ రాయడానికి నాకు చెయ్యి రాలేదు. నువ్వు టీ తాగు బాబూ, చల్లారిపోతోంది."

బోర్డమ్మ ఈ మాటలు అంటున్నది తమ్ముడి టైలరింగ్ షాపులో, గుడ్డముక్కలు కుక్కిన సంచి మీద కూర్చుని. వింటున్నది పుస్తకాలకు అట్టలు కుట్టే మనిషి. పాత పేపర్లు కొందామని వచ్చినవాడు కాస్తా పేపర్ల సంగతి మరిచిపోయి రెండు వారాలుగా ఊరికే వినడానికి వస్తున్నాడు. తమ్ముడు తల ఎత్తకుండా మిషన్ తొక్కుతున్నాడు. ఎన్నికల నాటి నుంచీ అతను అక్క దగ్గర రాజకీయాల ఊసెత్తడం లేదు.

షాపు బయటి గోడకు ఆరడుగుల నల్లబల్ల ఉంది. దానికి ఎదురుగా బస్టాపు. తెల్లవారుజామున మొదటి బస్సులో పేపర్ల కట్ట దిగగానే బోర్డమ్మ నాలుగు పేపర్లు తీసుకుని, కళ్లజోడు తాడు మెడలో వేసుకుని కూర్చుంటుంది. ముందురోజే నీళ్లలో నానేసిన సుద్దముక్కలు గిన్నెలో సిద్ధంగా ఉంటాయి. తడి సుద్దయితే అక్షరం లావుగా పడుతుంది, పొడి కళ్లలో రాలదు. దారానికి సుద్ద రాసి ఒక కొస తను, ఒక కొస తమ్ముడు పట్టుకుని లాగి వదిలితే బల్ల మీద చక్కగా గీత పడుతుంది. పైన ఆరు గీతలు రాష్ట్రానికి, కింద ఆరు గీతలు దేశానికి. మంత్రి రాజీనామా చేసినా ఒక్క వరుసే, ఆ రాజీనామా వెనక్కి తీసుకున్నా ఒక్క వరుసే. రెండు పేపర్లలో కనబడని వార్త బల్ల ఎక్కదు. ఎక్కిన వార్తను మర్నాడు పొద్దుటిదాకా చెరపడం, దిద్దడం ఉండదు. పదకొండేళ్లలో ఈ నియమం ఒక్కసారీ తప్పలేదు. అందుకే జనం ఫోన్లో ఏది చూసినా "బోర్డు మీద ఉందా" అని అడిగేవారు.

అంతకుముందు ఆమె పదిహేడేళ్లు మునిసిపాలిటీ పఠన మందిరంలో దినకూలీ అటెండరు. తలుపులు తీయడం, పేపర్లను కర్రలకు బిగించడం, కునుకు తీసే ముసలాళ్లను లేపి ఇంటికి పంపడం ఆమె పని. ఒక ఏడాది ఇరవై ముగ్గురిని పర్మనెంట్ చేస్తామన్నారు. చిత్తు జాబితాలో ఆమె పేరు పద్నాలుగోది. తన కళ్లతో చూసుకుంది. అసలు జాబితా గోడకు అంటించేసరికి పద్నాలుగో చోట ఛైర్మన్ బావమరిది పేరుంది. ఆ బావమరిది పఠన మందిరం ఏ వీధిలో ఉందో కూడా ఎరగడు.

"వెళ్లి ఛైర్మన్‌ను అడిగాను. ఆయన గదిలో పదిమంది ఉన్నారు. నా ముఖం చూడలేదు. ఫైలు చూస్తూ ఏమన్నాడో తెలుసా? 'జాబితాలో లేనివాళ్లతో నాకు మాటలేంటి, బయటికి పంపండి' అన్నాడు. తిట్టినా ఊరుకునేదాన్ని. తిట్టాలన్నా మనిషిని మనిషిగా లెక్కేయాలి కదా."

ఆ పని మానేసి మూడు నెలలు ఆమె గడప దాటలేదు. నాలుగో నెలలో తమ్ముడు ఎక్కడో బడి మూసేస్తుంటే నల్లబల్ల కొనుక్కొచ్చి గోడకు కొట్టాడు. చేతులు ఖాళీగా ఉంటే అక్క పిచ్చిదైపోతుందని అతని భయం. అతను పిచ్చికి మందు అనుకున్నాడు. ఆమె కత్తి నూరుకోవడానికి రాయి దొరికిందనుకుంది.

మొదటి రోజు నుంచీ బల్ల మీద ఛైర్మన్ పేరు లేదు. ఆయన వంతెన ప్రారంభిస్తే "వంతెన ప్రారంభమైంది" అని రాసేది. ఆయన సభలో మాట్లాడితే "సభలో ఇద్దరు మంత్రులు, మరొకరు మాట్లాడారు" అని రాసేది. ఏడాది తిరిగేసరికి బస్టాపులో కుర్రకారు ఆయన కారు కనబడితే "మరొకరు గారు వస్తున్నారు, జరగండి" అనడం మొదలుపెట్టారు. ఈ సంగతి ఆయన చెవిన పడింది. కోపం తెచ్చుకుంటే పరువు పోతుందని, ఖరీదైన కొత్త తెల్లబోర్డు ఒకటి కానుకగా పంపాడు. దాని నెత్తిన నవ్వుతున్న తన పెద్ద ఫోటో. బోర్డమ్మ దాన్ని షాపు ముందు మురిక్కాలువ మీద పలకలా పరిచింది. బట్టలు కుట్టించుకునేవాళ్లంతా ఆ నవ్వు మీదుగా నడిచి లోపలికొచ్చేవారు.

"వానాకాలం బాగా పనికొచ్చింది. కాళ్లు తుడుచుకోవడానికి," అంది ఆమె.

తమ్ముడి మిషన్ ఒక్క క్షణం ఆగి మళ్లీ కదిలింది. నవ్వాడో, దారం తెగిందో తెలియలేదు.

ఛైర్మన్ ఈసారి శాసనసభకు టికెట్టు అడిగాడు. ఆయన పార్టీలోనే గోడౌన్ల యజమాని ఒకాయన పోటీకొచ్చాడు. టికెట్టు దక్కకపోతే సొంతంగా నిలబడతానని ముందే చాటాడు. అభ్యర్థుల జాబితా వచ్చే ముందు రోజు ఊళ్లో అందరి ఫోన్లలోనూ మూడు జాబితాలు తిరిగాయి, ఒకదాన్లో ఉన్న పేరు ఇంకోదాన్లో లేదు. అసలుదేదో పొద్దున్న బోర్డు మీద చూద్దామనుకుని అందరూ పడుకున్నారు. ఛైర్మన్ రాజధానిలోనే ఉండిపోయాడు.

పొద్దున్న నాలుగు పేపర్లలోనూ నలభై పేర్లున్నాయి. ఛైర్మన్‌ది ఇరవై రెండోది. ఆ రోజు మిగతా వార్తలు ఆపేసి బల్లంతా పేర్లే రాసింది. ఇరవై ఒకటో పేరు రాశాక సుద్దముక్క గిన్నెలో ముంచి కాసేపు నిలబడింది. ఆ తర్వాత ఇరవై మూడోది రాసింది. అంకెలు మాత్రం వేయలేదు.

తమ్ముడు దారం చుట్టుకుంటూ వేలితో లెక్కపెట్టాడు. "అక్కా, నలభై కదా?"

"లెక్కలు నాకొచ్చు. నువ్వు గుండీలు కుట్టుకో."

ఎనిమిదింటికల్లా ఛైర్మన్ మనుషులు బల్ల ముందు గుంపు కట్టారు. పైనుంచి కిందికి చదివారు, కిందినుంచి పైకి చదివారు. ఛైర్మన్ పేరు లేదు, టికెట్టు ఇచ్చినా ఇవ్వకపోయినా గోడౌన్ల యజమాని నిలబడడం మాత్రం ఖాయం. ఒకడు రాజధానికి ఫోన్ చేశాడు. "నాకే ఇచ్చారురా, నమ్మండి" అని ఛైర్మన్ అటునుంచి గొంతు చించుకున్నాడు. "ఓడిపోయేవాడెవడైనా అలాగే అంటాడు" అన్నాడు వీడు, ఫోన్ పెట్టేశాక. పేపరు కొని చూద్దామని ఒక్కడికీ తోచలేదు. బోర్డు మీద లేదంటే లేనట్టే. మునిగే పడవలో ముందు దిగినవాడే తెలివైనవాడని, పదకొండు గంటలకల్లా ముప్పైమంది బూత్ పెద్దలు గోడౌన్ల యజమాని ఇంటికెళ్లి కండువాలు మార్చుకుని ఫోటోలు దిగారు. ఫోటో దిగాక వెనక్కి రావడానికి ముఖం ఉండదు.

మధ్యాహ్నం రెండింటికి ఛైర్మన్ కారు వచ్చింది. ఆయన ఒక్కడే దిగి తన ఫోటో మీదుగానే నడిచి షాపులోకొచ్చాడు. కొలతలిచ్చేవాళ్లు కూర్చునే స్టూలు మీద కూర్చున్నాడు.

"అక్కయ్యా, ఒక్క వరుస. ఇప్పుడే రాయి. సాయంత్రానికి కొందరైనా వెనక్కొస్తారు."

"రాసింది దిద్దడం నా బోర్డుకు అలవాటు లేదు. రేపు పొద్దున చూద్దాం."

"రేపటికి నాకేం మిగలదు."

"నాకు మూడు నెలలు ఏం మిగల్లేదు. చచ్చానా?"

ఆయనకు అప్పటిదాకా ఆమె ఎవరో తెలియదు. బోర్డు రాసే పొగరుబోతు ముసలిది అనుకున్నాడంతే. పఠన మందిరం, పద్నాలుగో పేరు, బావమరిది... ఆమె ఒక్కొక్కటే గుర్తు చేస్తుంటే ఆయన నిజంగానే తలగోక్కున్నాడు. అసలు గుర్తు రాలేదు. బోర్డమ్మకు అది అన్నిటికన్నా ఎక్కువ మండింది.

"ఆ ఉద్యోగం ఇప్పిస్తాను. బాకీతో సహా," అన్నాడు.

"అరవై రెండేళ్లు నాకు. ఉద్యోగం నెత్తిన పెట్టుకుని ఊరేగనా? వెళ్లు నాయనా. జాబితాలో లేనివాళ్లతో నాకు మాటలేంటి."

మర్నాడు మొదటి గీత మీద "నిన్నటి జాబితాలో ఒక పేరు రాయలేదు" అని రాసి, పదకొండేళ్లలో మొదటిసారి ఆయన పేరు రాసింది. అందరి పేర్లూ ఎంత సైజో అదీ అంతే. ఎన్నికల్లో ఆయన రెండు వందల పద్నాలుగు ఓట్లతో ఓడిపోయాడు. ఆ వార్త రాసిన పొద్దున ఆమె సుద్దముక్క ఒక్కసారీ విరగలేదు.

"పశ్చాత్తాపం ఉందా అని అడగాలనుంది నీకు. మొహమాటపడుతున్నావు. లేదు. మళ్లీ అవకాశమొస్తే మళ్లీ ఎగరగొడతాను," అంది బోర్డమ్మ.

అట్టలు కుట్టే మనిషి టీ గ్లాసు కింద పెట్టాడు. ఆమె కళ్లజోడు తీసి కొంగుతో తుడిచి, తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడిచింది.

"ఇంకో సంగతుంది. రిటైరైన కండక్టరున్నాడు కదా, మొదటి రోజు నుంచీ నా బోర్డు నోటుపుస్తకంలోకి ఎక్కించుకుంటాడు. పద్దెనిమిది పుస్తకాలు నిండాయట. ఇప్పుడు వచ్చేటప్పుడు చంకలో పేపరు తెచ్చుకుంటున్నాడు. నా వరుస ఒకటి చదవడం, పేపర్లో వెతకడం, పెన్సిల్‌తో టిక్కు పెట్టడం. నన్ను చూస్తే మామూలుగానే నమస్కారం పెడతాడు. ఆ నమస్కారం ఉంది చూశావూ..."

మిషన్ ఆగింది. తమ్ముడు మొదటిసారి తలెత్తి అక్కవైపు చూశాడు.

"ఛైర్మన్ ఓడి ఊరు వదిలిపోయినప్పుడు కూడా నాకు ఇంత చలనం కలగలేదు," అంది ఆమె మెల్లగా. తర్వాత కళ్లజోడు పెట్టుకుంది. "లే బాబూ. ఐదింటి బస్సుకు ఆ నోటుపుస్తకం ఆయన వచ్చే వేళయింది. బస్టాపులో ఆయన పక్కన నిలబడు. బోర్డు చదువుతున్నట్టు నటించు. ఈరోజు కింది సగంలో బిల్లు వాయిదా పడిందని ఒక వార్త రాశాను. దాన్ని ఊరికే ఎక్కించుకుంటాడో, పేపరు విప్పుతాడో చూసొచ్చి చెప్పు. నా మనసు నొచ్చుకుంటుందని కల్పించి చెప్పకు."