వాక్‌డ్ కాదు, వాక్ట్

మా ఇంగ్లీషు మాస్టారు పోయారు. చల్లపల్లి నుంచి వచ్చిన మా పిన్ని, చేతిలో సంచీ కింద పెట్టకుండానే చెప్పింది. "శుక్రవారం పొద్దున్నేనట. స్నానం చేసొచ్చి కుర్చీలో కూర్చున్నారట, అంతే." ఈ విజయవాడలోనే, నేనుండే వీధికి మైలు దూరంలో పోయిన మనిషి కబురు నాకు చల్లపల్లి తిరిగి వచ్చింది. ఏడవాలో, ఆయన్ని తలుచుకుని మెచ్చుకోవాలో తెలియని మనసుతో ఇది రాస్తున్నాను.

డెబ్భై ఒకటిలో నాది చల్లపల్లి దగ్గర మా ఊరి హైస్కూల్లో ఎనిమిదో తరగతి. మాకొచ్చిన ఇంగ్లీషంతా ఒక పాట. వాక్, వాక్‌డ్, వాక్‌డ్. ప్లే, ప్లేడ్, ప్లేడ్. ఆ వేసవిలో మాస్టారు హైదరాబాదులో ఏదో ట్రైనింగుకి వెళ్ళొచ్చారు. స్కూలు తెరిచిన రోజునే బోర్డు మీద వాక్, ప్లే, వాంట్ అని రాసి, మూడింటికీ చివర 'ఇ డి' తగిలించారు.

"రాసేది ఒకటే, పలికేది మూడు రకాలు. వాక్ట్, ప్లేడ్, వాంటిడ్. ఇన్నాళ్ళూ నేను మీకు తప్పు చెప్పాను. నాకూ తప్పే చెప్పారు."

మాస్టారు తప్పు ఒప్పుకోవడం మేం అదే మొదటిసారి చూడటం.

"గొంతు మీద చెయ్యి పెట్టుకోండి. మాట చివరి శబ్దానికి గొంతు అదిరితే డ్, అదరకపోతే ట్. మాట చివరే ట్ గానీ డ్ గానీ ఉంటే ఇడ్."

నలభై మందిమి గొంతులు పట్టుకుని కూర్చున్నాం. మిగతావాళ్ళ సంగతేమో గానీ నా గొంతు అన్నిటికీ అదిరేది. "పుస్తకాన్ని కాదు, చెవిని అడుగు" అనేవారు. నా చెవి ఏమీ చెప్పేది కాదు. ఒకసారి ధైర్యం చేసి, "నడిచాడు, నడిచింది, నడిచారు అని మనకి వేరువేరుగా ఉన్నాయి కదండీ, ఇంగ్లీషులో కుక్కకీ కలెక్టరుగారికీ ఒకటేనా?" అని అడిగాను. ఆయన పడీపడీ నవ్వి, "ఒకటేనమ్మా. ఆ ఒక్క విషయంలో వాళ్ళు నయం" అన్నారు.

దసరా సెలవులు అయ్యాక ఇన్‌స్పెక్షన్ వచ్చింది. ఇన్‌స్పెక్టరుగారు హెడ్మాస్టరుతో కలిసి మా క్లాసులోకి వచ్చి నన్నే లేపారు.

"వాక్‌కి పాస్ట్ టెన్స్ చెప్పు."

"వాక్ట్ అండీ."

"ఏమిటీ? వాక్టా? ఎవరు నేర్పారిది? వాక్‌డ్! ఏదీ, ఇప్పుడు చెప్పు, ఏది రైటు?"

మాస్టారి వైపు చూశాను. ఆయన అవునని తలూపలేదు, కాదని కూడా అనలేదు. నన్నే చెప్పమన్నట్టు నిలబడ్డారు.

"వాక్‌డ్ అండీ" అన్నాను.

ఇన్‌స్పెక్టరుగారు మాస్టారి వైపు తిరిగి నవ్వారు. మాస్టారు చేతులు కట్టుకునే, నెమ్మదిగా అన్నారు. "అమ్మాయి మొదట చెప్పిందే రైటండీ. రెండోది మిమ్మల్ని చూసి చెప్పింది."

హెడ్మాస్టరు ముఖం మాడిపోయింది. వాళ్ళిద్దరూ వెళ్ళాక మాస్టారు నన్ను ఒక్క మాటా అనలేదు. "కూర్చోమ్మా" అని పాఠం మొదలుపెట్టారు. నెల తిరక్కుండా ఆయన్ని తిరువూరు అవతల ఎక్కడికో బదిలీ చేశారు. "నీ వల్లే" అన్నారు క్లాసులో పిల్లలు. కాదని ఎలా అనను?

కిందటేడు వన్ టౌన్‌లో నోటుపుస్తకాల కొట్టు దగ్గర ఆయన కనిపించారు. విజయవాడ మారి మూడేళ్ళయిందట. నేనప్పటికి ట్యుటోరియల్ కాలేజీలో ఇంగ్లీషు చెబుతున్నాను. ఏడేళ్ళుగా దాచుకున్నదంతా ఆ బళ్ళ రొదలోనే చెప్పేసి, "క్షమించండి మాస్టారూ" అన్నాను.

"దానికా?" అన్నారు తేలిగ్గా. "నేనే అడిగి బదిలీ చేయించుకున్నానమ్మా. మా అమ్మ పుట్టిల్లు ఆ వైపే. చివరి రోజులు అక్కడ గడుపుతానంది. ఇంతకీ పిల్లలకి ఏం చెబుతున్నావ్?"

"వాక్ట్ అనేనండీ. తోటివాళ్ళు నవ్వుతున్నారు."

"నవ్వనీ."

ఆ రోజు ఇంటికి ఎంత తేలిగ్గా నడిచి వెళ్ళానో.

పిన్ని చెప్పిన సాయంత్రమే కొండ వారనున్న వాళ్ళ అద్దె ఇంటికి వెళ్ళాను. క్రీస్తు పటం కింద చాప మీద ఆయన భార్య కూర్చుని ఉన్నారు. చల్లపల్లి దగ్గర స్కూల్లో చదివానని చెప్పాను. ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని, "అమ్మగారు, అంటే మీ అత్తగారు, తిరువూరు వైపే పోయారటండీ?" అన్నాను.

ఆవిడ నావైపు వింతగా చూశారు. "మా అత్తగారా? మా పెళ్ళికి ముందే పోయారమ్మా, నేను చూడనైనా లేదు. ఆ ఊళ్ళో మాకెవరున్నారు? తాగే నీళ్ళకి కూడా కరువే. పైవాళ్ళకి కోపం వచ్చి అక్కడికి వేశారన్నారు. ఎందుకొచ్చిందో ఈయన ఎప్పుడూ చెప్పలేదు."

ఒక్క శబ్దం తప్పు పోనివ్వని మనిషి, నాతో అంత పెద్ద అబద్ధం తడుముకోకుండా ఆడారు. కారణం నేనేనని ఆవిడకి చెప్పాలా? చెబితే ఆయన దాచింది పాడుచేసినట్టా? చెప్పకపోతే రెండోసారి భయపడ్డట్టా? ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఇంతలో చినుకులు మొదలయ్యాయి. "అమ్మాయ్, పెరట్లో బట్టలున్నాయి, కాస్త తెస్తావా?" అన్నారావిడ. వెళ్ళి చూస్తే తీగ మీద ఆయనవి రెండు తెల్లచొక్కాలు, శుక్రవారం ఉతికి ఆరేసినవి కాబోలు. ఎండకి అట్టలు కట్టి ఉన్నాయి. తీసి, బొత్తాలు పెట్టి, మడతపెట్టి, వాటిని ఎవరి చేతికివ్వాలో తెలియక గుమ్మంలో అలాగే నిలబడ్డాను.