కడిగిన బండ

పాడుచేసిన వారే బాగుచేశామని ధ్రువీకరించుకున్నారు. నష్టపోయిన మనిషిని ఒక్క మాట అడగలేదు సరికదా, ఆమె నవ్వు ముఖాన్నే సాక్ష్యంగా తమ కార్యాలయం గోడకు తగిలించుకున్నారు.

ఆమెను రేవులో అందరూ పెద్దకోడలు అంటారు. ఒడ్డున పక్కపక్కనే ఉన్న రెండు రాతిబండలలో ఒకటి ఆమెది, రెండవది ఆమె తోడికోడలిది. నీరు తగ్గినప్పుడు ఇద్దరూ కొడవళ్ళతో సముద్రపు నాచు కోసి, ఎండబెట్టి అమ్ముతారు. రాతిని పట్టుకున్న మొదలును వదిలి పైభాగమే కోస్తారు గనుక అది మళ్ళీ పెరుగుతుంది. నీళ్ళలో దిగడంలోనైనా, తక్కెడ దగ్గరైనా మొదటి వంతు పెద్దకోడలిదే. అత్తగారు పెట్టిపోయిన ఆ వరుసను ఆమె ప్రాణంలా కాపాడుకున్నది. చిన్నామె మోపు కాస్త లావుగా కనబడితే చాలు, ఆ పూట పెద్దకోడలికి ముద్ద దిగేది కాదు.

ఓడ పగిలి చమురు ఒడ్డుకు కొట్టినప్పుడు రెండు బండలూ ఒకే తీరున నల్లబడ్డాయి. ఓడ సంస్థ మనుషులు వేడినీటి గొట్టాలతో వచ్చారు.

“ముందు నాది కడగండి. పెద్దదాన్ని నేను,” అని ఆమె అడ్డంగా నిలబడింది.

“చమురు పట్టిందిగా అక్కా, తలంటు కూడా పోయించుకో నీ బండకి,” అన్నది తోడికోడలు మూతి తిప్పుతూ.

“నీ కడుపుమంటకి నేనేం చెయ్యనే?”

మరిగే నీటి ధాటికి బండ తెల్లగా మెరిసింది. ఫోటో తీశారు, ఆమె నవ్వింది. ఆ ఫోటో అచ్చయిన పత్రిక కత్తిరింపు నా వద్ద భద్రంగా ఉన్నది. రెండవ బండ వంతు రాకముందే గొట్టాలు చుట్టుకొని వెళ్ళిపోయారు. చిన్నామె చాలాకాలం ఆ తెల్లబండను చూసి కుళ్ళుకున్నది.

అయితే నల్లబండను అలలే మెల్లగా అరగదీశాయి. జిడ్డు కింద చావక మిగిలిన మొదళ్ళు చిగిర్చాయి; ఆ నీడకు నత్తలు, పీత పిల్లలు, చిన్నచేపలు తిరిగి చేరాయి. తెల్లబండ మీద మొదళ్ళు ఉడికిపోయాయి. పాచిని మేసే నత్తలూ ఉడికిపోయాయి. మేసేవి లేక, కాలు నిలవని జారుడు పాచి ఒక్కటే బండంతా పరుచుకున్నది.

ఇప్పుడు తోడికోడలు మోపు దించుతూ ఉంటే పెద్దకోడలు తలుపు చాటునుండి చూస్తుంది.

“నా బండ మీద కోసుకుందువుగాని రా అక్కా. మొదటి వంతు నీదేలే,” అని చిన్నామె ఒకనాడు పిలిచింది.

“నీ బండ మీద నాకు వంతేమిటే,” అని ఈమె కొడవలిని చూరులో గుచ్చింది. ఆ పిలుపు ఆమెకు తిట్టుకన్నా గట్టిగా తగిలింది.

ఓడ సంస్థ పరిహారం ఇచ్చే దెబ్బతిన్న బండల జాబితాలో ఆమెది చేర్చమని ఆమె తరఫున అర్జీ రాశాను. నాచు తిరిగి మొలిచిన చిన్నామె బండ, కడగనిది గనుక, అందులో ఉన్నది. ఈమెది లేదు. “బండ శుభ్రంగా ఉన్నది. జతపరచిన ఫోటో చూడగలరు,” అని జాబితాతో పాటు జవాబు వచ్చింది. ఆమె రెండూ నా చేత చదివించుకున్నది. తోడికోడలి పేరు దగ్గర మళ్ళీ చదవమన్నది.

అయ్యా, ఓడ సంస్థ వారూ, ఆ ఫోటోను గోడ మీదినుండి దించి, చేత పట్టుకొని, నీరు తగ్గిన వేళ రండి. జోళ్ళు విప్పి ఆమె బండ ఎక్కండి. నిలబడగలిగితే శుభ్రమని రాయండి. జారిపడితే, నాశనం చేసింది మేమేనని మీ చేతితోనే రాసి, ఆమెను జాబితాలో చేర్చండి. తోడికోడలి పేరుకు పైన చేర్చండి. మొదటి వంతు ఆమెది.